బేతమంగళకు పడవ ఎందుకు రాదు?

పటం మీద చూస్తే దారి ఉంది. నంది కొండల దాపున తలగవార దగ్గర పుట్టిన పాలారు, కోలారు జిల్లాలో బేతమంగళ చెరువును నింపి, కుప్పం సీమలో 33 కిలోమీటర్లు నడిచి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు దాటి, కల్పాక్కానికి కాస్త దక్షిణంగా వయలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 348 కిలోమీటర్లు. బేతమంగళ నుంచి లెక్కవేస్తే మూడు వందల లోపే. అంతకన్నా పొడవైన కాలువలు తవ్వి పడవలు నడిపిన దేశాలు చాలా ఉన్నాయి. దూరం ఎందుకు, తెలుగు నేల మీదే కాకినాడ నుంచి మద్రాసు దాటి పోయే పడవల కాలువ ఒకప్పుడు ఉండేది. మరి పక్కనే కోలారు బంగారు గనులు పెట్టుకుని, ఇంగ్లండు నుంచి బాయిలర్లు, ఇనుప యంత్రాలు తెప్పించుకుంటున్న రోజుల్లో గనుల కంపెనీలు పాలారు వంక చూడకుండా రైలునే ఎందుకు నమ్ముకున్నాయి? 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే నేటి బంగారుపేట నుంచి, గనులకు రైలుపట్టాలు వేశారు. కాలువ మాట రాలేదు.

ఈ ప్రశ్న అడిగితే కోలారు జిల్లాలో ఎవరైనా నవ్వి, "పాలారులో నీళ్లెక్కడివి?" అంటారు. జవాబు సరైనదే, కానీ అది సగమే. మిగతా సగం ఎత్తులో ఉంది. ఈ రెండు సగాలూ కలిస్తేనే నదిని సముద్రంతో కలిపే పడవల కాలువ అనే పని ఎక్కడ సాధ్యమో, ఎక్కడ కాదో తెలుస్తుంది. తవ్వకం ఈ పనిలో తేలికైన భాగం. పలుగూ పారా, కూలీలూ దొరికితే తవ్వవచ్చు. తవ్విన కాలువలో నీళ్లు నిలబెట్టడమే అసలు పని.

మెట్ల మీద నీళ్లు

బేతమంగళ సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తును 280 కిలోమీటర్లలో దిగాలంటే సగటున కిలోమీటరుకు దాదాపు మూడు మీటర్ల వాలు. కాలినడకన పోయేవాడికి ఇది వాలుగా కూడా అనిపించదు. నీటికి మాత్రం ఇది పరుగు. ఈ వాలులో నీటిని వదిలేస్తే అది గట్లు కోసుకుంటూ, ఇసుక మోసుకుంటూ పోతుంది. దానికి ఎదురుగా పడవను లాగడం మనుషుల వల్లా ఎద్దుల వల్లా కాదు. పడవకు కావలసింది దాదాపు కదలని నీరు. కదలని నీటిలో ఒక్క గుర్రం ముప్ఫై టన్నుల పడవను లాగగలదు. అదే గుర్రం పాతకాలపు మట్టిరోడ్డు మీద ఒక టన్ను బండిని లాగడానికే ఆయాసపడుతుంది. ఈ తేడా కోసమే మనుషులు వేల ఏళ్లుగా కాలువలు తవ్వారు. నెమ్మదిగా పోయినంతసేపూ నీరు పెట్టే అడ్డు చాలా తక్కువ. వేగం రెట్టింపయితే అడ్డు సుమారు నాలుగింతలవుతుంది, పైగా అలలు లేచి గట్లను కొడతాయి. కాలువ పడవలు నత్తనడక నడిచింది సోమరితనం వల్ల కాదు, లెక్క ప్రకారమే.

కదలని నీరు కావాలంటే కాలువ మట్టంగా ఉండాలి. నేల మట్టంగా లేనప్పుడు కాలువను మట్టమైన ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య లాకు కట్టాలి. లాకంటే రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి. పైనుంచి దిగే పడవ తొట్టిలోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, కింది తూములు ఎత్తుతారు. నీళ్లు దిగుతుంటే పడవా దిగుతుంది. కింది మట్టానికి చేరాక ముందు తలుపులు తెరుస్తారు. ఎక్కేటప్పుడు ఇదే తిరగేసి. ఇంజను లేదు, పంపు లేదు. పని అంతా నీటి బరువుదే. క్రీస్తుశకం 984లో చైనా మహాకాలువ మీద చియావో వెయ్యువే అనే అధికారి ఇలాంటి జంట తలుపుల లాకు కట్టించాడు. ఇటలీలో మిలాను కాలువల దగ్గర పనిచేసిన లియొనార్డో డావిన్చి పేరున చెప్పుకునే మార్పు మరొకటి ఉంది: తలుపు రెక్కలు రెండూ ఎగువ వైపు మొన తేలి కలవడం. పైనీరు ఎంత గట్టిగా నెడితే రెక్కలు అంత గట్టిగా అతుక్కుంటాయి. ధవళేశ్వరం దగ్గర, కొమ్మమూరు కాలువ మీద, బెజవాడ నడిబొడ్డున మనవాళ్లు చూసిన లాకుల తలుపులు ఈ కుటుంబానివే.

మామూలు లాకు మూడు నాలుగు మీటర్లు దించుతుంది. నాలుగే అనుకుందాం. 800 మీటర్లకు రెండు వందల లాకులు. అంటే కిలోమీటరున్నరకు ఒకటి కన్నా ఎక్కువే. ఒక్కో లాకు దగ్గర ఇరవై నిమిషాలు ఆగినా, లాకుల్లో కూర్చోవడానికే అరవై ఆరు గంటలు, రెండున్నర రోజులకు పైమాట. ప్రపంచంతో పోల్చి చూస్తే ఇది ఎంత విడ్డూరమో తెలుస్తుంది. పనామా కాలువ ఓడలను 26 మీటర్లు మాత్రమే ఎత్తి దించుతుంది. ఇంగ్లండులో 1894లో తెరిచిన మాంచెస్టరు ఓడల కాలువ 58 కిలోమీటర్ల పొడవున ఎక్కేది 18 మీటర్లే. 1992లో పూర్తయిన రైన్-మైన్-డాన్యూబ్ కాలువ శిఖరం సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం నుంచి వాణిజ్య నౌకలు ఎక్కగలిగిన అత్యున్నత స్థానం అదే. బేతమంగళ దానికి దాదాపు రెట్టింపు ఎత్తు.

బదులుగా పడవను నీళ్ల తొట్టితో సహా లిఫ్టులో ఎత్తే పద్ధతి ఉంది. చైనాలో త్రీ గోర్జెస్ ఆనకట్ట దగ్గర 2016 నుంచి మూడు వేల టన్నుల ఓడలను 113 మీటర్లు అలాగే ఎత్తుతున్నారు. ఇందులో చమత్కారం ఒకటుంది. పడవ తొట్టిలోకి రాగానే తన బరువంత నీటిని బయటికి నెట్టేస్తుంది కనుక, పడవ ఉన్నా లేకపోయినా తొట్టి బరువు మారదు. ఎదురుబరువు కట్టేస్తే తక్కువ శక్తితో కదులుతుంది. ఆర్కిమిడీసు సూత్రాన్ని ఇంత పెద్ద ఎత్తున వాడుకున్న చోటు ఇంకొకటి కనిపించదు. అయితే అలాంటివి ఏడు కట్టడానికి కోలారు గనుల్లో ఎంత బంగారం తవ్వినా చాలదు.

చెరువు మీద లెక్క

ఇక నీటి సంగతి. ఒక మోస్తరు లాకు తొట్టి 35 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, దింపు 4 మీటర్లు అనుకుందాం. ఒక్కసారి దించితే 840 ఘనపు మీటర్లు, అంటే 8 లక్షల 40 వేల లీటర్లు కిందికి పోతాయి. రెండు వందల లాకులుంటే దీనికి రెండు వందల రెట్లు కావాలా? అక్కర్లేదు. లాకులన్నీ ఒకే కొలతతో ఉంటే పైలాకు వదిలిన నీరే పడవ వెంట దిగుతూ కింది లాకుకు పనికొస్తుంది. పడవకు ఒక తొట్టి నీళ్లు, శిఖరం నుంచి సముద్రం దాకా. రోజుకు ఇరవై పడవలయితే 16,800 ఘనపు మీటర్లు.

ఇది చూసి పరవాలేదే అనిపిస్తుంది. అసలు దెబ్బ పడవల వల్ల తగలదు. 280 కిలోమీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు కాలువ పైతలం 42 లక్షల చదరపు మీటర్లు. ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 21,000 ఘనపు మీటర్లు గాలిలో కలుస్తాయి. అడుగు నుంచీ గట్ల నుంచీ రోజుకు రెండున్నర సెంటీమీటర్లు ఇంకినా లక్షా 5 వేల ఘనపు మీటర్లు. కోలారు ఎర్రగరప నేలలో, వేలూరు దాపున పాలారు ఇసుకలో ఇది తక్కువ అంచనాయే. పద్దెనిమిదో శతాబ్దిలో ఇంగ్లండులో జేమ్స్ బ్రిండ్లీ కాలువ అడుగున తడి బంకమట్టి పరిచి తొక్కించింది ఈ ఇంకుడుకు భయపడే. అన్నీ కలిపితే ఏడాదికి 5 కోట్ల 20 లక్షల ఘనపు మీటర్లు. మనకు అలవాటైన కొలతలో 1.8 టీఎంసీలు. అందులో పడవల వాటా ఎనిమిదో వంతు. మిగతాదంతా కాలువ ఊరికే ఉన్నందుకు తాగేదే.

ఈ నీళ్లు ఎక్కడో ఒకచోట ఉంటే చాలదు, శిఖరంలో, అంటే కాలువలో అన్నిటికన్నా ఎత్తైన ముక్కలో, ఉండాలి. కింద ఎన్ని నదులున్నా పైలాకుకు పనికిరావు. ఫ్రాన్సులో 1681లో తెరిచిన మిడీ కాలువ కథ అంతా ఇదే. మధ్యధరా సముద్రం వైపు నుంచి గరోన్ నది దాకా 240 కిలోమీటర్లు తవ్వడం కన్నా, 189 మీటర్ల ఎత్తున ఉన్న శిఖరానికి నీళ్లు ఎలా తెస్తావన్న ప్రశ్నే ముందు తరాలవారిని ఆపింది. ఉప్పు పన్ను వసూలు చేసుకునే పియేర్ పోల్ రికే నల్లకొండల వాగులన్నీ మళ్లించి, సాఁ ఫెర్రేయోల్ దగ్గర జలాశయం కట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాడు. పనామాలో గతూన్ సరస్సు ఆ పని చేస్తుంది. ఒక్కో ఓడ దాటడానికి పాత లాకుల్లో దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీరు సముద్రం పాలవుతుంది. 2023లో వానలు ముఖం చాటేస్తే రోజుకు ముప్ఫై ఆరు దాకా పోయే ఓడలను ఇరవై నాలుగుకు, ఇంకా కిందికి తగ్గించవలసి వచ్చింది. ప్రపంచ వాణిజ్యానికి గొంతులాంటి చోట కూడా చివరికి మాట చెల్లేది వానదే.

రైన్-మైన్-డాన్యూబ్ కాలువ వారు కింది నుంచి పంపులతో శిఖరానికి నీళ్లు తోడతారు. బేతమంగళకు అలా తోడితే? 840 టన్నుల నీటిని 800 మీటర్లు ఎత్తాలి. నష్టాలు లేకుండానే 1,830 యూనిట్ల కరెంటు. అంత నీటి మీద దిగే పడవలో సరుకు నూరు టన్నులుంటే గొప్ప. అదే నూరు టన్నుల సరుకును, యాభై టన్నుల వ్యాగన్లతో సహా, రైలు అంత ఎత్తుకు ఎక్కించడానికి కావలసింది 330 యూనిట్లు. రైలు సరుకును ఎక్కిస్తుంది. కొండ మీది కాలువ సరుకుకు ఎనిమిదింతలకు పైగా నీటిని ఎక్కిస్తుంది. గనుల కంపెనీలు ఈ లెక్క కాగితం మీద వేశాయో లేదో గానీ, వేసినా వాళ్ల నిర్ణయం మారేది కాదు.

పాలారు దగ్గర ఆ 1.8 టీఎంసీలు మిగులు ఎప్పుడూ లేదు. అది వానకు పారి, వాన వెలిశాక ఇసుక కింద నడిచే నది. అందుకే దాని ఎగువ సీమలో పెద్దలు కాలువలు తవ్వలేదు, చెరువులు కట్టారు: ఒక చెరువు మరువ పారితే కింది చెరువు నిండేలా గొలుసుగా. బేతమంగళ చెరువు ఆ గొలుసులో ముసలి కడియం. విజయాదిత్యమంగళ అన్న పాత పేరుతో ఊరుండగా, వెయ్యేళ్ల కిందట నొళంబ రాజుల కాలంలోనే ఆ కట్ట తెగడం, మళ్లీ వేయించడం శాసనాలకెక్కాయి. ఈ నీటి మీద ఎంత పట్టుదల ఉండేదో 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం చెబుతుంది. పై రాష్ట్రం కొత్త ఆనకట్ట కట్టాలంటే కింది రాష్ట్రం సమ్మతి కావాలన్న నదుల పట్టికలో పాలారూ ఉంది. తర్వాత గనుల పట్టణానికి తాగునీరు కావలసి బేతమంగళ దగ్గర నీటి కర్మాగారం పెట్టి, వడగట్టి, పంపులతో గనులకు ఎక్కించారు. ఆ నది ఎగువన జరిగిన పెద్ద ఇంజనీరింగు పని అదే. పడవలకు కాదు, గొంతులు తడపడానికి.

ఎత్తు ఎప్పుడూ శాపమే కాదు. పడవకు అడ్డమైన జలపాతమే కరెంటుకు మూలం. గనులకు అన్నిటికన్నా బరువైన అవసరం ఆవిరి యంత్రాలను నడిపే ఇంధనం. దాన్ని రైళ్లలో మోయించుకోవాలి. 1902లో కావేరి మీద శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి 147 కిలోమీటర్ల తీగ మీద కోలారు గనులకు పంపారు. ఆ మేరకు మోయవలసిన బరువే తగ్గిపోయింది.

గోదావరి ఇచ్చిన మట్టం

ఇప్పుడు ఇదే లెక్కను ధవళేశ్వరానికి తీసుకుపోదాం. ఆనకట్ట ఎగువన నీటిమట్టం సముద్రం కన్నా పదమూడు పద్నాలుగు మీటర్లు పైన. కాకినాడ కాలువ పొడవు 50 కిలోమీటర్లు. కిలోమీటరుకు ముప్ఫై సెంటీమీటర్ల లోపు. పాలారు వాలులో పదో వంతు. నాలుగైదు లాకుల పని. పైన గోదావరి అంత పెద్ద నది శిఖర జలాశయంగా కూర్చుంది. నదిని సముద్రంతో కలిపే పడవల కాలువకు ఇంతకన్నా మంచి చోటు మన దేశంలో అరుదు.

ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852లో ముగించాడు. అంతకు ముందే నందన కరువులో జనం చచ్చిపోయిన సీమ అది. అందుకే ఆయనను పొలాలు తడిపిన మహానుభావుడిగా గుర్తుపెట్టుకున్నాం. ఆయన మనసులో మాత్రం పడవలకు పొలాలంత చోటుండేది. భారతదేశానికి రైళ్ల కన్నా నీటి దారులు ముఖ్యమని ఆయన లండను పార్లమెంటు కమిటీల ముందు వాదించాడు, విసుగు పుట్టేంతగా వాదించాడు. డెల్టా కాలువలన్నిటినీ లాకులతో కట్టించింది ఆ పట్టుదలే. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కూడా పూర్తయ్యాక ఏలూరు కాలువ రెండు నదులనూ కలిపింది. అలా తూర్పుగోదావరి పడవ కాకినాడలో బయల్దేరి, ధవళేశ్వరం దగ్గర గోదావరిని అడ్డంగా దాటి, విజ్జేశ్వరం లాకు గుండా వెళ్లి, ఏలూరు మీదుగా బెజవాడలో కృష్ణను దాటి, సీతానగరం, దుగ్గిరాల, కొమ్మమూరు కాలువల మీదుగా పెదగంజాం చేరేది. వడ్లు, ఉప్పు, బెల్లం, పొగాకు, కొబ్బరికాయలు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ సాగకుంటే గట్టు మీద తాడు భుజాన వేసుకుని నడిచే మనుషులు.

సముద్రం చివర మరో చిక్కు. తూర్పు కోస్తా తీరం వెంట అలలు ఇసుకను ఏడాదిలో ఎక్కువ కాలం ఉత్తరానికి తోస్తుంటాయి. తెరిచిన ప్రతి ముఖద్వారానికీ ఇసుక మేట వేస్తుంది. మద్రాసు రేవుకు గోడలు కట్టగానే దక్షిణం వైపు ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోయింది. కాకినాడకు ప్రకృతి ఒక వరం ఇచ్చింది: గోదావరి ఒండ్రుతో పెరిగిన హోప్ దీవి అలలకు అడ్డుగోడ అయింది. పెద్ద ఓడలు బయట లంగరు వేసుకుంటే చిన్న పడవలు కాలువ ముఖం నుంచి సరుకు చేరవేసేవి. నదీ సముద్రాల కలయిక అంటే ఓడ నదిలోకి రావడమే కానక్కర్లేదు. సరుకు చేతులు మారడానికి అలలు లేని ఒక నీటి చోటు చాలు.

ఈ విజయంలోనే ఒక తగాదా దాగి ఉంది. పొలానికి పారే నీరు కావాలి, పడవకు నిలిచే నీరు కావాలి. రైతుకు నాట్లప్పుడు కాలువ నిండాలి, కోతలయ్యాక ఎండినా ఫరవాలేదు. వేసవిలో కాలువలు కట్టేసి పూడిక తీయాలని నీటిపారుదల ఇంజనీరు అంటాడు, పడవల వాడికి ఆ రెండు మూడు నెలలూ పస్తే. గోదావరి డెల్టాలో నీరు సమృద్ధి కనుక ఇద్దరూ సర్దుకున్నారు. నీరు తక్కువైన చోట ఈ తగాదాలో పడవే ఓడిపోతుంది.

కర్నూలు-కడప కాలువ దానికి సాక్ష్యం. 1858లో లండనులో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం వడ్డీ హామీ ఇచ్చింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి, లాకులతో, నీటిపారుదలకూ పడవలకూ కలిపి 306 కిలోమీటర్ల కాలువ తవ్వారు. ఆలోచన అక్కడితో ఆగేది కాదు. పెన్న వెంట నెల్లూరు సీమకు, తీరానికి చేరాలన్నది కల. కడప దగ్గరే డబ్బు అయిపోయింది. సుంకేసుల దగ్గర నీరు నిలవ చేసుకునే జలాశయం లేదు, ఎండాకాలం తుంగభద్ర సన్నగిల్లితే పడవలకు లోతు లేదు. నల్లరేగడి రైతులు మొదట్లో ఆ నీళ్లే వద్దన్నారు. 1876-78 మహా కరువు వచ్చాక గానీ దాని విలువ తెలియలేదు. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలువను కొనేసింది. పడవలు ఆగిపోయాయి, పంటలు మిగిలాయి. నేడు 39.9 టీఎంసీల కేటాయింపు ఉన్న ఆ కాలువను ఎవరూ విఫలం అనరు. పడవల కాలువగా మాత్రం అది విఫలమే.

ఎగువ గోదావరి ఇంకో ముచ్చట. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో బీరారు పత్తిని కాకినాడకు దించాలని దుమ్ముగూడెం దగ్గర రాతి అడ్డంకులను తప్పించే ఆనకట్ట, లాకు కట్టారు. యుద్ధం ముగిసింది, 1867లో నాగపూరుకు రైలు చేరింది, 1871లో పని వదిలేశారు. గోదావరి గడ్డమీద ఆ రాళ్లు ఇంకా ఉన్నాయి.

సముద్రాన్నే తెచ్చి పోసుకున్న కాలువ

పెదగంజాం దగ్గర పడవ ఒక కొత్త రకం నీటిలోకి దిగుతుంది. అక్కడ నుంచి దక్షిణానికి బకింగ్‌హాం కాలువ ఉప్పునీటిది. ఈ కాలువను రూపొందించిన వారి తెలివి ఇక్కడే ఉందని నా అభిప్రాయం: శిఖరం లేదు, జలాశయం లేదు, తీరానికి సమాంతరంగా, ఉప్పుటేళ్లనూ కయ్యలనూ కలుపుకుంటూ పోవడమే. నీటి బెంగ లేదు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి నింపిపోతుంది. నదులు అడ్డం వచ్చిన చోట, పోటుపాట్లకు నీరు పూర్తిగా లాగేయకుండా లాకులు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన చిన్న కాలువ దాని మొదలు. 1837లో ప్రభుత్వం తీసుకుంది. పులికాటు, దుగ్గరాజపట్నం, కృష్ణపట్నం దాటుతూ ఉత్తరానికి పెరిగింది. 1877-78లో, ఆ మహా కరువు సమయాన, ఆకలితో మద్రాసు చేరిన జనంచేత అడయారును కూవంతో కలిపే ఎనిమిది కిలోమీటర్లు తవ్వించారు. నాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు కాలువకు పెట్టారు. తవ్వినవాళ్లకు దక్కింది కరువు కూలి. అదే కరువులో బేతమంగళ ఉన్న మైసూరు సంస్థానం జనాభా 1871లో ఉన్న 50 లక్షల నుంచి 1881 నాటికి 42 లక్షలకు పడిపోయింది. ఆ కాలువ గురించి రాసేవారు ఈ రెండు సంగతులూ కలిపే రాయాలి.

దక్షిణం కొస మరక్కాణం దాకా పోయిన ఈ కాలువ వయలూరుకు దగ్గర్లోనే పాలారును దాటుతుంది. కనుక బేతమంగళ మరువ దాటిన చుక్క సముద్రం దాకా వస్తే, దాని పక్కనుంచే కాకినాడ పడవ ఒకప్పుడు వెళ్లి ఉండవచ్చు. నదికి ఆ కొసన పడవలుండేవి, ఈ కొసన చెరువులున్నాయి. మధ్య 800 మీటర్లు.

శ్రీహరికోట సరుగుడు కట్టెలు, సూళ్లూరుపేట వైపు ఉప్పు మద్రాసు వంటిళ్లకు చేరింది ఈ దారినే. 1899లో మద్రాసు-బెజవాడ రైలుమార్గం పూర్తయ్యాక దూరపు సరుకు పోయింది, చౌక సరుకు మిగిలింది. 1960, 70 దశకాల తుపాన్లు గట్లను తెంచాక మరమ్మతుకు ఎవరూ గట్టిగా పూనుకోలేదు. మద్రాసు నగరంలో కాలువ మురికినీటి పాలైంది, తర్వాత నగర రైలు వంతెన స్తంభాలు అందులోనే దిగాయి. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తీరానికి సమాంతరంగా ఉన్న ఆ గాడి, దాని గట్లు, చాలా చోట్ల పొంగిన నీటిని పట్టుకుని వెనక్కి పంపాయి. తవ్వినవాళ్లు దాన్ని ఊహించి ఉండరు.

2008లో కేంద్రం కాకినాడ-పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణల్లో కొంత భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. ఇందులో ఉత్తర బకింగ్‌హాం కాలువ 316, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు. 2017లో కృష్ణ మీద ముక్త్యాల-విజయవాడ భాగానికి శంకుస్థాపన జరిగింది. కృష్ణలో సాగవచ్చు, నది ఉంది, బ్యారేజీ వెనక నీరు నిలుస్తుంది. డెల్టా కాలువల మీద నాకు అనుమానమే. ఆ గట్ల మీద ఇప్పుడు పడవ తలెత్తలేని వంతెనలు, తూములు, ఇళ్లు, వాటికి తోడు రెండో పంటకు నీటి కోసం ఎదురుచూసే రైతులు ఉన్నారు. కాటన్ కాలంలో సర్దుకున్న తగాదా ఇప్పుడు అంత సులువుగా సర్దుబాటు కాదు. బకింగ్‌హాం కాలువ సంగతి వేరు. అది ఎవరి పొలం నీటినీ అడగదు. పూడిక తీసి, మురుగు ఆపి, లాకులు బాగుచేస్తే అది పడవలకు తిరిగి పనికొస్తుంది. డబ్బు పెట్టదలచుకుంటే ముందు అక్కడ పెట్టాలి.

పాలారు ఎగువన మాత్రం నీరే కొండెక్కుతోంది. హంద్రీ-నీవా పథకం శ్రీశైలం నుంచి కృష్ణ నీటిని దశలవారీగా సుమారు నాలుగు వందల మీటర్లు పైకి తోడి కుప్పం వైపు తెస్తోంది; వెయ్యి లీటర్లను అంత ఎత్తాలంటే నష్టాలు పోను ఒక యూనిట్ పైచిలుకు కరెంటు. కోలారు వైపు 2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధి చేసిన నీరు చెరువులకు వస్తోంది. ఇంత ఖర్చుతో ఎక్కించిన నీటిని నిలుపుకోవడానికి కొత్త కాలువలు తవ్వనక్కర్లేదు. చెరువు నుంచి చెరువుకు పోయే పాత రాజకాలువలు ఆక్రమణలతో, పూడికతో, తుమ్మచెట్లతో మూసుకుపోయి ఉన్నాయి. బేతమంగళ, కుప్పం ప్రాంతాల పాఠకులారా, మీ ఊరి చెరువుకు నీరు తెచ్చే రాజకాలువ ఎక్కడ మొదలై ఎక్కడ మూసుకుపోయిందో ఈ వానాకాలానికి ముందే ఒకసారి నడిచి చూడండి, పంచాయతీలో అడగండి.